రుచి చూసిన కాఫీ లెక్కలోకి రాదు

కంభం బస్టాండు ఎదురుగా కాఫీ అంగళ్లు చాలానే ఉన్నాయి. ఒకదానికి అద్దాల తలుపు ఉంది, ఇంకొకదానిలో మీట నొక్కితే నురగతో సహా కాఫీ పోసే మిషన్ ఉంది. అయినా గిద్దలూరు బస్సు డ్రైవరు బండి ఆపి దిగితే నేరుగా నడిచేది కాలేషా రేకుల కొట్టంలోకే. అక్కడ కూర్చోవడానికి రెండు బెంచీలు, నిలబడటానికి కావలసినంత రోడ్డు ఉంటాయి. పెద్ద ఇత్తడి ఫిల్టరు దగ్గర కాలేషా, పక్క పొయ్యి దగ్గర అతని భార్య పర్వీన్. పొద్దున ఆమె చేసే బొరుగుల ఉగ్గాణికి, పూటపూటా వేసే బజ్జీలకు కూడా పేరుంది. కానీ అంగడిని మాత్రం అందరూ కాలేషా కాఫీ అంగడనే అంటారు.

కాలేషాకు కాఫీ విషయంలో ఉన్న పొగరు ఇంక దేంట్లోనూ లేదు. చొక్కాకు గుండీ ఊడితే ఊడిందిలే అంటాడు. బజ్జీలో ఉప్పు తక్కువైందంటే పర్వీన్ వైపు చెయ్యి చూపించి తప్పుకుంటాడు. కాఫీ బాగాలేదంటే మాత్రం తాగుతున్న గ్లాసును చేతిలోంచి లాక్కుంటాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన పాపం తెలియక, “కొంచెం చక్కెర వెయ్యి భాయ్, చేదుగా ఉంది” అన్నాడు. కాలేషా గ్లాసు వెనక్కి తీసుకుని, “మీకు కావాల్సింది పానకం సార్. నాలుగు అడుగులు ముందుకు పోతే చెరుకురసం బండి ఉంది” అని దారి చూపించాడు. ఆ ఉద్యోగి కొన్నాళ్లు ఊళ్లో ఉన్న కాఫీలన్నీ తాగి చూసి, చివరికి వచ్చి చక్కెర మాటెత్తకుండా బెంచీ చివర కూర్చున్నాడు.

ఆ రుచి ఊరికే వచ్చేది కాదు. ఫిల్టరు దిగగానే చిన్న గ్లాసులో ఇంత డికాషన్ పోసుకుని, కళ్లు మూసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి మింగుతాడు కాలేషా. పాలు కలిపాక ఇంకో రెండు గుక్కలు. పాలు మళ్లీ పొంగితే మళ్లీ రెండు. అర్ధవీడు నుంచి మోపెడ్ మీద పాలు తెచ్చే కొండయ్య, “అన్నీ నా బర్రెల పాలే గదా బావా, ఒకసారి చూస్తే చాలదా?” అంటే, “ఒక బర్రె చొప్ప మేస్తది, ఒకటి పచ్చిగడ్డి మేస్తది, ఇంకోటి నీ కళ్లు కప్పి ఎవరి చేనో మేస్తది. నాకు తెలియద్దా?” అని దబాయిస్తాడు. డికాషన్ చల్లారినట్టు అనిపిస్తే ఒక గుక్క, రద్దీ తగ్గితే ఒక గుక్క, పెరిగితే ఒక గుక్క.

ఇంత చేసి, ఎవరైనా అడిగితే ఛాతీ విరుచుకుని చెప్పే మాట ఒకటే. “నేను రోజుకు రెండే కాఫీలు తాగుతా. పొద్దున ఒకటి, సాయంత్రం అసర్ నమాజు అయినాక ఒకటి.” చెప్పేవాడికి గానీ వినేవాళ్లకు గానీ అందులో అబద్ధం కనిపించేది కాదు. ఆ రెండూ కాలేషా పెద్ద గ్లాసులో పోసుకుని, బెంచీ మీద కూర్చుని, దర్జాగా తాగేవాడు. అందరూ చూసేది అదే.

పోయిన చలికాలంలో అతనికి గుండె దడ మొదలైంది. ఎవరో తలుపు కొట్టి పారిపోయినట్టు ఛాతీలో ధడధడమని రెండు మూడు సార్లు కొట్టుకుని, ఆగి, మళ్లీ మామూలుగా ఆడేది. రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టేది కాదు. ఎవరికీ చెప్పలేదు. కాలేషాకు రోగం వచ్చిందంటే కాఫీకి దిష్టి తగిలిందని ఊరు అనుకుంటుందని అతని భయం. వానాకాలం వచ్చేసరికి ఒకరోజు చెయ్యి వణికి, కాగిన పాలు పాదం మీద పోసుకున్నాడు. ఇక దాచడం కుదరలేదు. పర్వీన్ పొయ్యి ఆర్పేసి, అంగడికి గుడ్డ కట్టేసి, మొగుణ్ణి మార్కాపురం బస్సు ఎక్కించింది.

మార్కాపురంలో గుండె డాక్టరు కేథరిన్‌ది గిద్దలూరే. మాట మెత్తన, చూపు మాత్రం పదును. తీయాల్సిన పరీక్షలన్నీ తీయించి, కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది.

“భయపడాల్సిందేమీ లేదు కాలేషన్నా. రక్తనాళాల్లో అడ్డం లేదు. గుండె కొట్టుకోవడంలోనే మధ్య మధ్యలో తొందర కనిపిస్తోంది. కాఫీ ఎంత తాగుతారు?”

“రెండు.”

“కాఫీ అంగడి పెట్టుకుని రెండేనా?”

“అంగడి పెట్టుకున్నా కాబట్టే రెండు మేడం. మిఠాయి అంగడాయన మిఠాయి తింటాడా?”

కేథరిన్ నవ్వి, ఒక కాగితం మీద గీతలు గీసి ఇచ్చింది. తిన్నదానికి ఒక గడి, నీళ్లకు ఒక గడి, కాఫీ టీలకు వేరే గడి. “రెండు వారాలు నోట్లోకి పోయిందంతా ఇట్ల రాయండి. పొయ్యి దగ్గర చెమటలు కక్కే మనిషికి నీళ్లు తక్కువైనా గుండె ఇట్లనే చేస్తది. కాఫీ ఎక్కువైనా చేస్తది. ఏది ఎంతో తెలిస్తే మందు సంగతి చూద్దాం.”

“అప్పటికీ తగ్గకపోతే?” అని పర్వీన్ అడిగింది.

“తగ్గకపోతే మందులు వాడుతూ పొయ్యికి దూరంగా ఉండాలక్కా. దడ వచ్చి కళ్లు తిరిగితే, ముందున్నది మరిగే పాలు. పాదమే కాలింది కాబట్టి సరిపోయింది.”

తిరుగు బస్సులో కాలేషా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పర్వీన్ వేరుశనక్కాయలు కొనిచ్చినా ముట్టలేదు. పొయ్యి దగ్గర నుంచి తనను లేపేస్తే అంగట్లో మిగిలేవి ఉగ్గాణి, బజ్జీలు. అవి పర్వీన్‌వి. తనదంటూ ఉన్నది కాఫీ ఒక్కటే. అది కూడా లేకపోతే ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చేవాళ్లకు పోయేవాళ్లకు సలాం చెప్పడం తప్ప పనేముంది?

ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూలోనే. పోట్లాడుకునేది మాత్రం తెలుగులో, అదీ అంగట్లో. నలుగురి ముందు తెలుగులో అరుచుకుంటే ఎవరో ఒకరు నవ్వుతారు, దాంతో పోట్లాట సగం చల్లారిపోతుంది. పదో తరగతి చదివిన పర్వీన్ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది కాబట్టి డాక్టరిచ్చిన గడుల ప్రకారం డైరీ రాసే పని ఆమెకే పడింది. మొదటి రోజు మధ్యాహ్నమే గొడవ వచ్చింది.

“ఇందాకటి నుంచి చిన్న గ్లాసుతో తాగుతున్నావే, అది రాయద్దా?” అంది పర్వీన్.

కాలేషాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. “అది తాగడమా? అది పని! నువ్వు చింతపులుసులో ఉప్పు చూస్తావు. అన్నం తిన్నట్టేనా? అయితే రోజూ నాకంటే ముందు నువ్వే భోంచేస్తున్నావన్నమాట.”

బెంచీ మీద వాళ్లు నవ్వారు. పర్వీన్ ఆలోచించింది. నిజమే. నాలుగు గిన్నెల్లో నాలుగు రుచులు చూసి కూడా, ఎవరైనా అడిగితే తాను పొద్దున్నుంచి ఏమీ తినలేదనే చెబుతుంది, అది అబద్ధమని ఎప్పుడూ అనుకోలేదు. పొయ్యి ముందు బతికే వాళ్లందరిదీ ఇదే లెక్క. ఆకలికి తింటే తిన్నట్టు, దాహానికి తాగితే తాగినట్టు. పనిలో పనిగా గొంతు దిగిపోయినదానికి పేరే ఉండదు. డాక్టరు నోట్లోకి పోయిందంతా రాయమంది. వీళ్లిద్దరూ తిన్నదంతా, తాగినదంతా నిజాయితీగా రాశారు. ఈ రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో ఆ అంగట్లో ఎవరికీ తట్టలేదు.

డైరీ మాత్రం చూడముచ్చటగా తయారైంది. “పొద్దున ఉగ్గాణి, బజ్జీలు రెండు. అందులో ఒకటి నేను చూడనప్పుడు” అని రాసేది పర్వీన్. “నీళ్లు ఒక చెంబు. తిడితే ఇంకో చెంబు.” “జొన్నరొట్టె, గోంగూర. గోంగూర బాగుందని చెప్పలేదు, రెండుసార్లు వేయించుకున్నాడు.” కాఫీ గడిలో రోజూ రెండు. పోనుపోను కాలేషాకు కూడా దాని మీద మోజు పుట్టింది. నీళ్లు తాగి, చెంబు బోర్లించి, “రాయి” అని హుకుం జారీ చేసేవాడు. వచ్చినవాళ్లను కూడా వదల్లేదు. “నువ్వు పొద్దున్నుంచి ఎన్ని నీళ్లు తాగినావు? మూత్రం ఏ రంగులో ఉంది?” అని కాఫీ చేతికిచ్చే ముందు అడుగుతుంటే, ఆడవాళ్లు నవ్వుకుంటూ పర్వీన్ పొయ్యి వైపు జరిగేవాళ్లు.

ఇన్ని నీళ్లు తాగినా దడ తగ్గలేదు. రెండు వారాలయ్యాక కేథరిన్ డైరీ అంతా చదివింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది. తర్వాత స్టెతస్కోపు పెట్టి విన్నది, ఇక నవ్వలేదు.

“తిండి బాగుంది. నీళ్లు బాగున్నాయి. కాఫీ తక్కువే. దడ మాత్రం అట్లనే ఉంది. మొదలైనప్పటి నుంచి అసలు రాకుండా ఉన్న రోజులేమన్నా ఉన్నాయా?”

“ఉన్నాయి మేడం,” అని పర్వీన్ వెంటనే అంది. “రంజాన్‌లో, రోజాల నెలంతా రాలేదు. నిద్ర కూడా పట్టింది.”

“అల్లా దయ,” అన్నాడు కాలేషా.

“ఆ నెలలో ఏం మారింది? కాఫీ మానేసినారా?”

“లేదు మేడం. అప్పుడూ రెండే. తెల్లారక ముందు సహరీలో ఒకటి, పొద్దు గూకి ఇఫ్తార్ అయినాక ఒకటి. పగలు నీళ్లు కూడా ముట్టను.”

కేథరిన్ డైరీ పేజీలు మళ్లీ తిప్పింది. ఆమెకూ ఏమీ అంతు పట్టలేదు. “ఇంకో రెండు వారాలు ఇట్లనే రాయండి. అప్పటికీ ఇట్లనే ఉంటే మాత్రం పొయ్యి మానాలన్నా. నాకు మొహమాటం లేదు, మీకు కోపం వచ్చినా సరే” అంది.

మర్నాడు పొద్దున కొండయ్య పాల క్యాన్లు దించుతుంటే పర్వీన్ బజ్జీల పిండి కలుపుతోంది. ఆమె మనసంతా రోజాల నెల మీదే ఉంది. ఆ నెలలో దడ ఎందుకు రాలేదు? దేవుడి దయ మిగతా నెలల్లో మాత్రం ఎక్కడికి పోతుంది? ఆ నెల అనగానే కొండయ్య ఏటా చెప్పే మాట ఒకటి గుర్తొచ్చింది.

“తమ్ముడూ, రంజాన్ వస్తే నీకు నిద్ర ఉండదని అంటావు గదా. ఎందుకు?”

“ఎందుకేందక్కా? నీకు తెలియదా? ఆ నెలంతా బావ నోట్లో ఎంగిలి పడనీయడు. మరి రుచి ఎవరు చూడాల? నేనే గదా! బర్రెలు, మేకల వెంట మా అన్నను పంపించి, మధ్యాహ్నం దాకా ఈ బెంచీ మీదే కూర్చుంటా. దిగినప్పుడల్లా ఇంత పోసి తాగు అంటాడు, పొంగినప్పుడల్లా ఇంత పోసి తాగు అంటాడు. రాత్రి మంచం మీద ఒరిగితే, నా మేకలన్నీ గుండెల మీద పరిగెత్తినట్టుంటది. పండగైనాక గాని నేను మనిషిని కాను.”

పర్వీన్ చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. కొండయ్య చెప్పడం అయిపోయి, మోపెడ్ స్టాండు తీస్తున్నా ఆమె కదల్లేదు. తర్వాత చెయ్యి కడుక్కుని, పెద్ద స్టీలు చెంబు ఒకటి తెచ్చి ఫిల్టరు పక్కన పెట్టింది.

“ఇది ఎందుకు?” అన్నాడు కాలేషా.

“ఈ పొద్దు నువ్వు రుచికి ఎంత పోసుకుంటే అంత దీంట్లో కూడా పొయ్యి. తాగడం కాదు గదా, పనే గదా. ఆ పని ఎంతో నేనూ చూస్తా.”

“పోస్తా. నాకేం భయం?” అని నిర్లక్ష్యంగా అన్నాడు.

మొదటి గుక్క పోస్తే చెంబు అడుగు కూడా తడవలేదు. “చూసినావా?” అన్నట్టు పర్వీన్ వైపు చూశాడు. పాలు కలిపాక పోశాడు. మార్కాపురం బస్సు వచ్చినప్పుడు పోశాడు, గిద్దలూరు బస్సు వచ్చినప్పుడు పోశాడు. ఉగ్గాణి అయిపోయే వేళకు చెంబు సగమైంది. అప్పటి నుంచి కాలేషా చెంబు వైపు చూడటం మానేశాడు. చూడకపోయినా అది నిండటం మానలేదు. రుచికి తక్కువ పోసుకుందామని రెండుసార్లు ప్రయత్నించాడు గానీ, అలవాటు పడ్డ చేతికి ఆ మాట చెప్పినా వినలేదు. ఎండ నడినెత్తికి రాకముందే కాఫీ చెంబు అంచు దాటి బల్ల మీదికి కారింది. బెంచీ మీద కూర్చున్న బ్యాంకు ఉద్యోగి కాళ్లు పక్కకు జరుపుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

కాలేషా వంగి చెంబులోకి చూశాడు. ఎన్నేళ్లుగా ఇంత కాఫీ తాగుతున్నాడు తాను? అదీ ఇంకా సగం రోజే. చెంబును అట్లా చూస్తూ ఉండిపోయి, తర్వాత కాలువ దగ్గరికి తీసుకుపోయి పారబోసి వచ్చాడు. “డైరీలో రాయి” అని మాత్రం అన్నాడు. పర్వీన్ కాఫీ గడిలో రెండు కొట్టేసి, “ఒక చెంబు, ఇంకా రెండు” అని రాసింది.

రోగం దొరికినందుకు సంతోషించాల్సిన మనిషి మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఎందుకంటే దానితోపాటే చిక్కు కూడా దొరికింది. తాను రుచి చూడకుండా కాఫీ ఎట్లా పోయడం? మర్నాడు రంగు, వాసన చూసి పోశాడు. గిద్దలూరు బస్సు డ్రైవరు సగం తాగి, ఏమీ అనకుండా గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టినా కాలేషాకు అంత బాధ ఉండేది కాదు. ఆ మిగిలిన సగం గ్లాసు వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

“నోట్లో పోసుకుని ఉమ్మేయి బావా,” అని కొండయ్య సలహా ఇచ్చాడు.

“అంగడి ముందు ఉమ్ముతా ఉంటే ఎవడొస్తాడురా తాగడానికి?”

“అయితే నన్ను మాత్రం అడగద్దు. ఏడాదంతా నా వల్ల కాదు,” అని కొండయ్య ముందే మోపెడ్ ఎక్కేశాడు.

మూడో రోజు కాలేషా చిన్న గ్లాసు మళ్లీ చేతికి తీసుకున్నాడు. “గుండె ఆగితే ఆగనీ. చెత్త కాఫీ పోసి బతకడం నా వల్ల కాదు.”

పర్వీన్ బజ్జీల గరిటె నూనె మూకుట్లోనే వదిలేసి వచ్చింది. “ఆగితే నీది ఆగుతది. నేనేం కావాల? నువ్వు లేకుండా ఇక్కడ బజ్జీలు వేసుకుంటా కూర్చోవాలనా? ఎవరి కోసం?” ఈసారి తెలుగులో అరిచినా బెంచీ మీద వాళ్లెవరూ నవ్వలేకపోయారు. కాలేషా గ్లాసు దించాడు. భార్యకు తన మీద ప్రేముందని తెలియక కాదు గానీ, అది బస్టాండు ముందు ఇట్లా బయటపడేసరికి అతనికి ఎటు చూడాలో తెలియలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని ఫిల్టరు దగ్గరికి పోయింది. చెంచాతో ఒక్క చుక్క డికాషన్ తీసి ఎడమ అరచేతిలో వేసుకుని, చారు రుచి చూసినట్టు నాలుకకు అద్దుకుంది. “ఇంకా పల్చగా ఉంది.”

“టీ తాగేదానివి, కాఫీ సంగతి నీకేం తెలుసు?”

ఇది పాత దెప్పు. మార్కాపురంలో పర్వీన్ పుట్టింట్లో అందరూ టీ మనుషులే. పెళ్లైన కొత్తలో కాలేషా ఎంతో మురిపెంగా కలిపిచ్చిన కాఫీ తాగి, ఆమె మొహం చిట్లించింది. ఆ తర్వాత ఆమెకు మళ్లీ పోయలేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లోకెల్లా మంచి కాఫీ అంగట్లో, ఒక మూల చిన్న గిన్నెలో ఆమె టీ పెట్టుకుని తాగుతోంది.

“తాగను. తాగాలని కూడా లేదు,” అంది పర్వీన్. “కానీ ఇన్నేండ్లుగా ఈ వాసనలోనే నిలబడి ఉన్నా గదా. నేను పప్పులో ఉప్పు చూడటానికి గిన్నెడు తాగుతానా? చుక్క చాలదా?”

“అదేదో నేనే చూస్తాలే, చుక్కే వేసుకుంటా,” అని కాలేషా అరచెయ్యి చాపాడు. రెండు రోజులు అట్లానే చేశాడు కూడా. పొద్దున పూట బాగానే సాగేది. మధ్యాహ్నం రద్దీలో మాటల్లో పడి చూసుకుంటే, చిన్న గ్లాసు మళ్లీ నోటి దగ్గరే ఉండేది. ఆ చేతికి ఆ దారి తప్ప ఇంకో దారి తెలియదు. చివరికి విసుగు పుట్టి, “నువ్వే చూడు పో” అన్నాడు. ఓడిపోయి అన్న మాటే గానీ ఇష్టంగా అన్నది కాదు.

అయితే రుచి చూడమంటే సరిపోదు, ఎట్లా ఉండాలో చెప్పాలి. ఇన్నేళ్లలో కాలేషా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా మాటల్లో చెప్పుకోలేదు. ఇప్పుడు వెతుక్కోవాల్సి వచ్చింది. “నాలుక వెనకాల పట్టుకోవాల. గొంతులో మాత్రం గీరుకోకూడదు.” “మాడిన వాసన కాదు, కమురు వాసన కాదు, వేయించిన వాసన.” “పాలు దాన్ని కప్పేయకూడదు, పక్కన నడవాల.” పర్వీన్ ఒక్కో మాటకు చెయ్యి నాకి, తలూపి, “అంటే వంకాయ కారం దించే ముందు ఉంటదే, అట్లనా?” అనేది. కాలేషాకు మొదట నవ్వొచ్చేది, ఆలోచిస్తే సరిగ్గా అట్లానే అనిపించేది. ఒకరోజు ఆమె అడుగంటిన పాలను గుర్తుపట్టలేక సరే అంది. నలుగురు గ్లాసులు తిరిగిచ్చారు. కాలేషా తిట్టబోయి, ఆమె మొహం చూసి, “నాకూ మొదట్లో తెలిసేది కాదులే” అన్నాడు. ఇద్దరూ ఎప్పుడూ పక్కపక్క పొయ్యిల దగ్గరే ఉన్నా, పని గురించి ఇంతగా మాట్లాడుకున్నది అప్పుడే. కాలేషాకు అది బాగుంది. పైకి చెప్పలేదు.

డాక్టరు పెట్టిన గడువుకు మళ్లీ మార్కాపురం పోయారు. కేథరిన్ చాలాసేపు విని, పరీక్ష కాగితం పొడవునా చూసి, “ఇదేంది కాలేషన్నా, గుండె బుద్ధిగా ఆడుతోంది” అంది. పర్వీన్ చెంబు సంగతి చెప్పింది. కేథరిన్ పగలబడి నవ్వి, తర్వాత తనే తల కొట్టుకుంది. “రోజా అనగానే నేను తిండి గురించే ఆలోచించినా. నాకు తట్టి ఉండాల్సింది. సరే, ఆ రెండు కాఫీలూ తాగండి, పరవాలేదు. పొయ్యి కూడా మానక్కర్లేదు. చిన్న గ్లాసు మాత్రం ముట్టద్దు. ముట్టినారో, మళ్లీ మొదటికే.”

చలి ముదిరింది. ఒక పొద్దున గిద్దలూరు బస్సు ఆలస్యంగా వచ్చింది. డ్రైవరు ఇంజన్ ఆపకుండానే దిగి, “మామా, తొందరగా పొయ్యి, టైం లేదు” అన్నాడు. వెనకాలే నిద్ర మొహాలతో ప్రయాణికులు దిగారు. అప్పుడే దిగిన డికాషన్ రంగు నిండుగా ఉంది, వాసన నిండుగా ఉంది. పాలు పొంగుతున్నాయి. కాలేషా ఒళ్లంతా “అయిపోయింది, ఇంక పొయ్యి” అంటోంది. గ్లాసులు వరసగా పెట్టి, “పర్వీన్!” అని పిలిచాడు.

ఆమె పిండి చెయ్యి కడుక్కుని వచ్చి, చుక్క వేసుకుని చూసింది. “లేదు. ఇంకా దిగాల.”

“రంగు వచ్చింది గదా!”

“రంగు వచ్చింది. రుచి రాలేదు.”

ఆమె మాట తప్పని కాలేషాకు గట్టిగా అనిపించింది. ఇన్నేళ్ల అనుభవం తనది, కొన్ని వారాల అనుభవం ఆమెది. చిన్న గ్లాసు చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఒక్క గుక్క పోసుకుంటే ఎవరిది ఒప్పో అందరి ముందే తేలిపోతుంది. ఒక్క గుక్కకు ఏ గుండె ఆగదు. చెయ్యి దాని దాకా పోయింది కూడా. పర్వీన్ చూసింది, ఏమీ అనలేదు. వద్దని ఆమె అరిచి ఉంటే బహుశా తాగేసి ఉండేవాడు. ఆమె అరవకుండా, చెయ్యి తుడుచుకుంటూ, అతను ఏం చేస్తాడా అని చూస్తూ నిలబడింది.

కాలేషా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏంది మామా, పోయవా?” అన్నాడు డ్రైవరు.

“ఆమె లేదంటే లేదు. ఆగాల.”

“బస్సు పోతది బావా,” అని బెంచీ మీద నుంచి కొండయ్య గుర్తు చేశాడు.

“పోనీ.”

ఆ మాట అన్నాక కాలేషాకు లోపల ఏదో తేలికైంది. తాను ఒక్క పూట కళ్లు మూసుకుంటే ఈ అంగడి కూలిపోతుందన్నట్టు ఇన్నేళ్లూ బతికాడు. ఆ బరువు పట్టుకోవడానికి పక్కనే ఇంకో మనిషి ఉంది. ఆమె ఎప్పటి నుంచో అక్కడే ఉంది. ఆ సంగతి ఇంత ఆలస్యంగా తెలిసినందుకు సిగ్గుపడ్డాడు, తెలిసినందుకు మాత్రం చాలా సంతోషపడ్డాడు.

డ్రైవరు బస్సు వైపు చూశాడు, ఫిల్టరు వైపు చూశాడు. తర్వాత గొణుక్కుంటూ వెళ్లి ఇంజన్ ఆపేసి వచ్చి, బెంచీ మీద కొండయ్య పక్కన కూర్చున్నాడు. ప్రయాణికులు చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. అందరూ పర్వీన్ వైపే చూస్తున్నారు. ఆమె కంగారు పడలేదు. కొంచెంసేపు ఆగి, చెంచా ముంచి, అరచేతిలో చుక్క వేసుకుని చూసింది.

“ఇప్పుడు పొయ్యి” అంది.

కాలేషా పోశాడు.